ట్రౌటా, హార్పరా? కొత్తగా జట్టు కట్టాలంటే ముందు ఎవరిని తీసుకోవాలి

2012 ఏప్రిల్ 28న అమెరికన్ బేస్‌బాల్‌లో ఇద్దరు కుర్రాళ్ల ప్రయాణం ఒకే రోజు ఊపందుకుంది. అంతకు ముందు ఏడాది కొన్ని మ్యాచ్‌లు ఆడి మైనర్ లీగ్‌కు (కింది స్థాయి పోటీలకు) తిరిగి వెళ్లిన ఇరవై ఏళ్ల మైక్ ట్రౌట్‌ను లాస్ ఏంజిలిస్ ఏంజెల్స్ మళ్లీ పైకి పిలిచింది. అదే రోజు వాషింగ్టన్ నేషనల్స్ తరఫున పంతొమ్మిదేళ్ల బ్రైస్ హార్పర్ మొదటి మ్యాచ్ ఆడాడు. సీజన్ ముగిసేసరికి ఇద్దరూ తమ తమ లీగుల్లో (ట్రౌట్ అమెరికన్ లీగ్‌లో, హార్పర్ నేషనల్ లీగ్‌లో) ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ద ఇయర్ అవార్డు అందుకున్నారు. అప్పటి నుంచి బేస్‌బాల్ చూసేవాళ్లు నలుగురు కూర్చుంటే ఈ వాదన వస్తూనే ఉంది: జట్టు కొత్తగా కట్టాలంటే మొదట ఎవరిని తీసుకుంటావు?

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆటగాడిగా ట్రౌట్ ఎక్కువ, ఇందులో నాకు రెండో మాట లేదు. 2012లో ఇద్దరూ ఎదురుగా ఉంటే కళ్లు మూసుకుని ట్రౌట్‌ను తీసుకునేవాణ్ణి. 2019 మార్చిలో మాత్రం ఇద్దరి కాంట్రాక్టులు పక్కపక్కన పెట్టి ఒక్కదాని మీదే సంతకం పెట్టమంటే హార్పర్ కాంట్రాక్టు మీద పెడతాను. ఎవరు గొప్ప అన్నది ఒక ప్రశ్న, ఎవరిని నమ్ముకుని జట్టు కట్టాలన్నది ఇంకో ప్రశ్న. చాలామంది మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండోదానికి కూడా చెప్పేశామనుకుంటారు.

ఒక్కడు ఎంత మోయగలడు

మనం క్రికెట్ చూసి పెరిగినవాళ్లం కాబట్టి స్టార్ అనగానే ఒక్కడే మ్యాచ్ లాక్కెళ్లిపోవడం గుర్తొస్తుంది. టీ20లో ఓపెనర్ కుదురుకున్నాడంటే ఇరవై ఓవర్లూ క్రీజులోనే ఉండొచ్చు. బేస్‌బాల్‌లో ఆ వీలు లేదు. తొమ్మిది మంది వరుసగా బ్యాటింగ్‌కు రావాలి. తన వంతు అయ్యాక మిగతా ఎనిమిది మందీ వచ్చి వెళ్లేదాకా ఎంత గొప్పవాడైనా ఆగాల్సిందే. మ్యాచ్‌కు నాలుగైదు సార్లు అవకాశం వస్తుంది. 162 మ్యాచ్‌ల సీజన్ అంతా ఆడితే 700 సార్ల దాకా. జట్టు మొత్తానికి అవి ఆరు వేలు దాటతాయి. అంటే బ్యాటింగ్ భారంలో మీ స్టార్ వాటా తొమ్మిదో వంతు. ఇక పిచింగ్‌లో (మన బౌలింగ్ లాంటిది) అతని చెయ్యి ఉండదు, రెండూ చేసే ఒక్క షోహెయ్ ఒటానీని మినహాయిస్తే.

ఈ వాటాను కొలవడానికి వార్ అనే లెక్క ఉంది. మైనర్ లీగ్ నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు తెచ్చుకోగల మామూలు ఆటగాడి బదులు ఇతన్ని ఆడిస్తే ఎన్ని గెలుపులు అదనంగా వస్తాయో చెప్పే అంచనా అది. ఏడాదికి రెండు వస్తే రోజూ ఆడించదగ్గవాడు, ఐదు వస్తే ఆల్‌స్టార్, ఎనిమిది వస్తే ఎంవీపీ (ఆ ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు) పోటీలో ఉన్నవాడు. 2012లో ట్రౌట్ వార్ పది దాటింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది కనీవినీ ఎరుగని సంఖ్య.

ఇప్పుడు ఇంకో లెక్క చూడండి. అందరూ ఆ మామూలు స్థాయి వాళ్లే ఉన్న జట్టు 162 మ్యాచ్‌ల్లో సుమారు 48 గెలుస్తుందంటారు. అందులో 2012 నాటి ట్రౌట్‌ను పెట్టినా 58. ప్లేఆఫ్స్‌కు వెళ్లాలంటే మామూలుగా 85 నుంచి 90 గెలుపులు కావాలి. మిగతా ముప్పై ఎక్కడినుంచో తేవాలి. అందుకే స్టార్‌ను ఎంచుకునేటప్పుడు అతను తెచ్చే పదితో పాటు, ఆ ముప్పై తెచ్చుకోవడానికి మీ చేతిలో ఏం మిగులుస్తాడన్నది కూడా చూడాలి. డబ్బు కావచ్చు, ఫీల్డ్‌లో ఖాళీ చోటు కావచ్చు, ఎన్నేళ్లు దొరుకుతాడన్నది కావచ్చు. నా వాదన అంతా దీని మీదే నడుస్తుంది.

ఆటలో ఎవరు ముందు

ట్రౌట్‌ది న్యూజెర్సీ దక్షిణాన మిల్‌విల్. 2009 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ప్రక్రియ) 25వ స్థానం దాకా అతన్ని ఎవరూ తీసుకోలేదు. చలి ఎక్కువుండే ఈశాన్య రాష్ట్రాల్లో పిల్లలు ఏడాదిలో కొద్ది నెలలే ఆడతారు, పోటీ కూడా తక్కువ, కాబట్టి అక్కడి హైస్కూల్ బ్యాటర్లను నమ్మడానికి ఆటగాళ్లను వెతికే స్కౌట్లు వెనకాడతారు. ఏంజెల్స్ నమ్మింది, ఫలితం మూడేళ్లలో కనిపించింది. 2012లో 0.326 సగటు (వెయ్యి ప్రయత్నాలకు 326 హిట్ల లెక్కన), 30 హోమ్ రన్లు, 49 దొంగిలించిన బేస్‌లు (బంతి కొట్టకుండానే పరుగెత్తి చేరినవి), 129 పరుగులు. ఆ జూన్‌లో బాల్టిమోర్‌లో జె.జె. హార్డీ కొట్టిన బంతి సెంటర్ ఫీల్డ్ గోడ దాటుతుంటే, వెనక్కి పరుగెత్తి గోడ మీదికి ఎగిరి, చెయ్యి అవతలికి చాపి పట్టుకున్నాడు. హోమ్ రన్ కావాల్సింది అవుట్ అయింది. కాళ్లు, కళ్లు, చేతులు మూడూ ఒకే స్థాయిలో పనిచేసే ఆటగాడు అలా ఉంటాడు.

నాకు ట్రౌట్‌లో అంతకన్నా ఎక్కువ నచ్చేది అతను నేర్చుకునే తీరు. 2014లో పిచర్లు అతని బలహీనత కనిపెట్టారు: స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ఆడదగ్గ బంతి రావాల్సిన చట్రం) పై అంచులో వేగంగా వేస్తే ఆడలేకపోతున్నాడని. ఆ ఏడాది 184 సార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులకు అవుట్) అయ్యాడు, అమెరికన్ లీగ్‌లో అదే ఎక్కువ. అయినా ఏకగ్రీవంగా ఎంవీపీ. మరుసటి ఏడాదికల్లా ఆ ఎత్తు బంతులనే కొట్టడం మొదలుపెట్టాడు. 2012 నుంచి 2016 వరకు ఐదేళ్లూ ఎంవీపీ ఓటింగ్‌లో మొదటి రెండు స్థానాల్లోనే ఉన్నాడు. 2014, 2016, 2019ల్లో అవార్డు గెలిచాడు. 2012లో రెండో స్థానంతో సరిపెట్టుకోవడానికి కారణం మిగెల్ కాబ్రెరా. 1967 తర్వాత మొదటి ట్రిపుల్ క్రౌన్ (సగటు, హోమ్ రన్లు, కొట్టి తెప్పించిన పరుగులు మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం) అతను ఆ ఏడాదే సాధించాడు.

హార్పర్ కథ ఇంకోలా మొదలైంది. లాస్ వేగస్ కుర్రాడు, పదహారేళ్లకే స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ ముఖచిత్రం మీదికి ఎక్కాడు. డ్రాఫ్ట్‌కు తొందరగా అర్హత రావాలని హైస్కూల్ మధ్యలో వదిలి, దానికి సమానమైన పరీక్ష రాసి, కాలేజ్ ఆఫ్ సదరన్ నెవాడాలో చేరాడు. కాలేజీ ఆటలో చాలా చోట్ల లోహపు బ్యాట్లు వాడతారు, అక్కడ మాత్రం చెక్క బ్యాట్లు. వాటితోనే 31 హోమ్ రన్లు కొట్టి 2010 డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికయ్యాడు. 2015లో ఇరవై రెండేళ్ల వయసులో 0.330 సగటు, 42 హోమ్ రన్లు, 0.460 ఆన్ బేస్ పర్సెంటేజ్. అంటే బ్యాటింగ్‌కు వచ్చిన ప్రతి వంద సార్లలో 46 సార్లు ఏదో ఒక విధంగా బేస్ చేరాడు. అతనికీ ఏకగ్రీవ ఎంవీపీ వచ్చింది, 2021లో ఫిలడెల్ఫియా తరఫున మరొకటి.

తేడా నిలకడలో ఉంది. 2015లో 0.330 కొట్టిన హార్పర్ 2016లో 0.243కి, 2018లో 0.249కి పడిపోయాడు. 2018లో 130 వాక్‌లు (పిచర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఉచితంగా దక్కే మొదటి బేస్) తీసుకున్నాడు కాబట్టి సగటు చెప్పినంత చెడ్డ ఏడాది కాదు, కానీ ఈసారి ఏ హార్పర్ వస్తాడో అన్న టెన్షన్ జట్టుకు ఉండేది. ఆ పదేళ్లలో ట్రౌట్‌తో ఆ టెన్షన్ లేదు. మొత్తం కెరీర్ వార్ చూస్తే ట్రౌట్ 85 దాటాడు, హార్పర్ 50 దాటాడు. ఆట ఒక్కటే చూసి తేల్చాలంటే ఇక్కడితో తేలిపోయినట్టే.

ఎన్ని మ్యాచ్‌లకు దొరికాడు

కానీ ఆ 85లో ఎక్కువ భాగం ఎప్పుడు వచ్చిందో చూడండి. 2013 నుంచి 2016 వరకు నాలుగు సీజన్లలో 648 మ్యాచ్‌లు ఉంటే ట్రౌట్ 632 ఆడాడు. హార్పర్ 518. ఆ రోజుల్లో గాయాల మనిషి అంటే హార్పరే. 2013లో డాడ్జర్ స్టేడియం గోడను ముఖంతో గుద్దుకున్నాడు, 2014లో బేస్‌లోకి జారుతూ బొటనవేలి లిగమెంట్ తెంచుకున్నాడు. ఇతను ఆడే తీరు చూస్తే ముప్పై దాటాక నిలబడడు అని చాలామంది అన్నారు.

2021 నుంచి 2024 వరకు మళ్లీ అవే 648 మ్యాచ్‌లు తీసుకోండి. హార్పర్ 511 ఆడాడు. ట్రౌట్ 266. పిక్క కండరం, వెన్ను, ఎడమ చేతి ఎముక, మోకాలు: ఏడాదికొకటి. 2022లో 119 మ్యాచ్‌ల్లోనే 40 హోమ్ రన్లు కొట్టాడంటే నైపుణ్యం ఎక్కడికీ పోలేదని అర్థం. ఒళ్లే సహకరించలేదు. ఒక తరంలో అందరికన్నా మంచి ఆటగాడు ఇలా బెంచీ మీద కూర్చోవడం చూసి నాకు నిజంగా బాధ వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

ఇది జోస్యం చెప్పగల విషయం కాదు. అయినా ఎంచుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇతని విలువలో కాళ్ల వాటా ఎంత? గాయం మీద ఆడలేని రోజు వస్తే ఇతన్ని ఎక్కడ పెడతాం? సెంటర్ ఫీల్డ్ అంటే మైదానంలో అందరికన్నా ఎక్కువ పరుగెత్తే చోటు. ట్రౌట్ విలువ బేస్‌లు దొంగిలించడం, సెంటర్ ఫీల్డ్ కాయడం, బ్యాటింగ్ మూడూ కలిస్తే వచ్చింది. మొదటి రెండూ వయసుతో ముందు పోయేవి. 2025లో మోకాలిని కాపాడుకోవడానికి అతన్ని రైట్ ఫీల్డ్‌కు మార్చారు, సీజన్‌లో ఎక్కువ భాగం బ్యాటింగ్‌కే పరిమితమయ్యాడు. 130 మ్యాచ్‌లు ఆడి 26 హోమ్ రన్లు కొట్టాడు, 400వ హోమ్ రన్ మైలురాయీ దాటాడు. సగటు మాత్రం 0.232.

హార్పర్ సంగతి వేరు. డ్రాఫ్ట్ నాటికి క్యాచర్. మోకాళ్లు అరిగిపోకుండా, బ్యాట్ త్వరగా పెద్ద లీగ్‌కు చేరేలా నేషనల్స్ అతన్ని అవుట్‌ఫీల్డ్‌కు మార్చింది. 2022లో మోచేతి లిగమెంట్ చిరిగి బంతి విసరలేకపోతే డెజిగ్నేటెడ్ హిట్టర్‌గా (ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా) ఆడాడు. ఆ నవంబర్‌లో ఆ లిగమెంట్‌ను బాగుచేసే టామీ జాన్ ఆపరేషన్ జరిగింది. 160 రోజులకు, 2023 మే 2న, తిరిగి బ్యాట్ పట్టుకున్నాడు. అంత తొందరగా ఎవరూ రాలేదు. ఆ ఏడాదే ఎన్నడూ ఆడని ఫస్ట్ బేస్ నేర్చుకుని అక్కడ స్థిరపడ్డాడు. తన చోటు తనకే ఉండాలని పట్టుబట్టని స్టార్ ఉంటే జట్టు కట్టేవాడికి సగం తలనొప్పి తగ్గుతుంది. అవుట్‌ఫీల్డర్ దొరికితే అవుట్‌ఫీల్డర్‌ను తీసుకోవచ్చు, ఫస్ట్ బేస్‌మన్ గాయపడితే కంగారు పడక్కర్లేదు.

డబ్బు: అసలు ఎంపిక ఇక్కడే

అమెరికన్ బేస్‌బాల్‌లో డ్రాఫ్ట్ అయిన ఆటగాడు పెద్ద లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయ్యేదాకా ఆ జట్టుకే కట్టుబడి ఉంటాడు. మొదటి మూడేళ్లూ జట్టు ఎంత ఇస్తే అంత, దాదాపు కనీస జీతం. 2012లో కనీస జీతం 4.8 లక్షల డాలర్లు. తర్వాత మూడేళ్లు ఆర్బిట్రేషన్‌లో (ఒప్పందం కుదరకపోతే మధ్యవర్తులు జీతం తేల్చే పద్ధతి) పెరుగుతుంది. కుర్రాడి చుట్టూ జట్టు కట్టాలంటే బంగారం లాంటి సమయం ఈ మొదటి మూడేళ్లే. ఎంవీపీ స్థాయి ఆట చిల్లర డబ్బుకు వస్తుంది, మిగిలినదంతా మిగతావాళ్ల మీద పెట్టొచ్చు.

2013లో ట్రౌట్ జీతం 5.1 లక్షల డాలర్లు. ఆ సమయంలో ఏంజెల్స్ ఏం చేసింది? అప్పటికే ముప్పై ఒకటి దాటిన ఆల్బర్ట్ పుహోల్స్‌కు 2011 చివర్లో పదేళ్లకు 24 కోట్ల డాలర్లు, మరుసటి ఏడాది జోష్ హామిల్టన్‌కు ఐదేళ్లకు 12.5 కోట్లు. ఇద్దరి మంచి రోజులూ వెనకబడిపోయాయి. పిచింగ్ పలచబడింది, మైనర్ లీగ్‌లో ఎదిగివచ్చే పిల్లలు కరువయ్యారు. 2014లో 98 మ్యాచ్‌లు గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది, మొదటి రౌండ్‌లోనే కాన్సస్ సిటీ రాయల్స్ చేతిలో వరుసగా మూడూ ఓడింది. ట్రౌట్ కెరీర్‌లో ఇప్పటిదాకా ప్లేఆఫ్స్ అంటే ఆ మూడు మ్యాచ్‌లే. 2016 నుంచి 2025 వరకు ఏంజెల్స్ ఒక్క సీజన్‌లోనూ ఓటములకన్నా ఎక్కువ గెలుపులు సాధించలేదు. అందులో ఆరేళ్లు ఒటానీ కూడా అదే జట్టులో ఉన్నాడు. ఇది ట్రౌట్ తప్పని నేను ఒప్పుకోను. ప్లేఆఫ్స్ గెలవలేదని అతన్ని తక్కువ చేసేవాళ్లు ఆ ముప్పై గెలుపుల లెక్క మళ్లీ ఒకసారి చూడాలి.

ఇక 2019 మార్చి. ఫిలడెల్ఫియా ఫిల్లీస్ హార్పర్‌తో 13 ఏళ్లకు 33 కోట్ల డాలర్ల కాంట్రాక్టు చేసుకుంది. మధ్యలో వెళ్లిపోయే హక్కు అతనికి లేదు, అతన్ని తన ఇష్టం లేకుండా అమ్మేసే హక్కు జట్టుకు లేదు. కొద్ది వారాల్లోనే ఏంజెల్స్ ట్రౌట్‌తో కొత్త ఒప్పందం చేసుకుంది. మిగిలిన రెండేళ్లు కలుపుకుని 12 ఏళ్లకు 42.65 కోట్ల డాలర్లు. పైకి చూస్తే తేడా సుమారు 9.6 కోట్లు. ముఖ్యమైన తేడా ఏడాది సగటులో ఉంది. ట్రౌట్‌ది సుమారు 3.55 కోట్లు, హార్పర్‌ది సుమారు 2.54 కోట్లు.

ఈ సగటు ఎందుకంత ముఖ్యమంటే, లీగ్‌లో లగ్జరీ ట్యాక్స్ ఉంది. జట్టు మొత్తం జీతాలు ఒక గీత దాటితే దాటిన మొత్తం మీద పన్ను కట్టాలి. మొదటి ఏడాది 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది 50. 2019లో ఆ గీత 20.6 కోట్ల డాలర్లు. అందులో లెక్కకు వచ్చేది ఆ ఏడాది చేతికిచ్చిన జీతం కాదు, కాంట్రాక్టు సగటు. అందుకే ఫిల్లీస్ కాంట్రాక్టును 13 ఏళ్లకు సాగదీసింది. చివరి ఏళ్లలో, హార్పర్‌కు 37, 38 వచ్చినప్పుడు, ఆ డబ్బు బరువే అవుతుంది. దానికి బదులుగా జట్టు గెలవగల ఏళ్లలో ప్రతి సీజన్‌కూ కోటి డాలర్ల చోటు మిగిలింది.

ఆ కోటి డాలర్లు ఎంతంటే, అదే ఏడాది డిసెంబర్‌లో పిచర్ జాక్ వీలర్‌ను ఐదేళ్లకు 11.8 కోట్లకు తెచ్చుకున్నారు. ఏడాదికి 2.36 కోట్లు. అంటే వీలర్ ఖర్చులో నలభై శాతానికి పైగా ఆ తేడాతోనే సరిపోతుంది. తర్వాత కైల్ ష్వార్బర్, నిక్ కాస్టెల్లానోస్, ట్రే టర్నర్ వచ్చారు. మొదటి మూడేళ్లు ఫిల్లీస్‌కు ప్లేఆఫ్స్ దక్కలేదు, నిజమే. 2022 నుంచి 2025 దాకా నాలుగేళ్లూ దక్కాయి, 2022లో ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. ఏంజెల్స్ అదే 2019 డిసెంబర్‌లో ఆంథొనీ రెండన్‌కు ఏడేళ్లకు 24.5 కోట్లు ఇచ్చింది. 2020 నుంచి 2024 దాకా ఏ సీజన్‌లోనూ అతను 60 మ్యాచ్‌లు ఆడలేదు, 2025లో ఒక్కటీ ఆడలేదు.

లెక్కలు తెలిసినవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు, అది బలమైనదే. 2019 నాటికి ట్రౌట్ ఏడాదికి ఎనిమిది, తొమ్మిది గెలుపులు తెస్తున్నాడు, హార్పర్ నాలుగైదు. ఆ లెక్కన ట్రౌట్ 42 కోట్లకు కూడా చవకే. ఆ ఒక్క ఏడాదికో, రాబోయే మూడేళ్లకో అయితే నేనూ ఒప్పుకుంటాను. కానీ కాంట్రాక్టు 39 ఏళ్ల వయసుదాకా ఉంది, 2017లో బొటనవేలి ఆపరేషన్‌తో మ్యాచ్‌లు పోవడం అప్పటికే మొదలైంది, ఆటేమో కాళ్ల మీద ఆధారపడినది. 2019 నుంచి 2025 వరకు కలిపి చూస్తే ఇద్దరి వార్ దగ్గరదగ్గరగానే ఉంది, హార్పర్‌కు ఏడాదికి కోటి డాలర్లు తక్కువ. ఆ రోజు ఏంజెల్స్ ట్రౌట్‌ను వదులుకోవాల్సిందని నేను అనను. తమ ఇంట పెరిగిన వాణ్ణి ఉంచుకోవాలనుకోవడం తప్పు కాదు. రెండు కాంట్రాక్టుల్లో ఏది తీసుకుంటావంటే నా జవాబు మాత్రం మారదు.

అక్టోబర్ రాత్రి ఒకటి

2022 అక్టోబర్ 23, ఫిలడెల్ఫియా, నేషనల్ లీగ్ చాంపియన్‌షిప్ సిరీస్ ఐదో మ్యాచ్. వాన పడుతోంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఫిల్లీస్ 2-3తో శాన్ డియెగో పాడ్రెస్ కంటే వెనకబడి ఉంది. బేస్ మీద ఫిల్లీస్ ఆటగాడు రియల్‌ముటో. పిచర్ రాబర్ట్ సువారెజ్ గంటకు దాదాపు వంద మైళ్ల వేగంతో వేస్తున్నాడు. హార్పర్ మోచేతిలో లిగమెంట్ చిరిగి ఉంది. కొన్ని బంతులను ఫౌల్ చేశాడు. తర్వాత బయటి అంచుకు వచ్చిన సింకర్‌ను (చివర్లో కిందికి దిగే వేగపు బంతిని) ఎడమ వైపుకే, అంటే ఎడమ చేతి బ్యాటర్‌కు ఎదురు దిక్కుకు, స్టాండ్స్‌లోకి పంపాడు. 4-3. వరల్డ్ సిరీస్ బెర్త్ ఖాయమైంది, సిరీస్ ఎంవీపీ అతనే.

ఇలాంటి ఒక్క షాట్ చూపించి హార్పర్ పెద్ద మ్యాచ్‌ల మనిషి, ట్రౌట్ కాదు అనేవాళ్లతో నేను కలవను. మూడు ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆడినవాడి గురించి అలాంటి తీర్పు ఇవ్వడం అన్యాయం. నాకు ఆ రాత్రి చెప్పేది ఇంకోటి: స్టార్‌కు అలాంటి బంతి ఎదుర్కొనే అవకాశం రావాలంటే మిగతా పాతిక మంది అతన్ని ప్లేఆఫ్స్ జరిగే అక్టోబర్ దాకా మోసుకురావాలి. ఆ మ్యాచ్‌లో మొదటి ఆరు ఇన్నింగ్స్ దాటించింది వీలరే.

జనాన్ని రప్పించడంలో కూడా హార్పర్‌దే పైచేయి. అతను సంతకం పెట్టిన రెండు రోజుల్లోనే ఫిల్లీస్ లక్షకు పైగా టికెట్లు అమ్మింది. ట్రౌట్ నెమ్మదస్తుడు, ప్రచారం పట్టించుకోడు. ఇది గుణం మీద తీర్పు కాదు కానీ యజమాని మరో ఆటగాడి మీద ఖర్చు పెట్టాలంటే గేటు డబ్బు కూడా లెక్కలోకి వస్తుంది.

హార్పర్‌ను వదులుకున్నాక ఏమైందన్నది కూడా చెప్పాలి. అతను వెళ్లిపోయిన 2019లోనే నేషనల్స్ వరల్డ్ సిరీస్ గెలిచింది. హార్పర్ ఉన్నప్పుడు నాలుగు సార్లు డివిజన్ గెలిచి ప్రతిసారీ మొదటి సిరీస్‌లోనే ఓడిన జట్టు అది. అతను లేకపోవడమే మేలైందని కొందరంటారు. నేను అలా చూడను. అప్పటికే ఇరవై ఏళ్ల హువాన్ సోటో కనీస జీతంతో అవుట్‌ఫీల్డ్‌లో ఉన్నాడు. పిచర్ పాట్రిక్ కోర్బిన్‌కు ఆరేళ్లకు 14 కోట్లు పెట్టారు. ఏడో మ్యాచ్‌లో మధ్యలో వచ్చి మూడు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా వేసింది కోర్బినే. మీ దగ్గర సోటో లాంటివాడు ఉంటే ట్రౌట్ అయినా హార్పర్ అయినా ఆ ధరకు అవసరం లేకపోవచ్చు.

ఇప్పటి జంటకు ఇదే కొలత

ఇవాళ ఇలాంటి వాదన నడిచే జంటల్లో నాకు ఇష్టమైనది బాబీ విట్ జూనియర్, గన్నర్ హెండర్సన్. ఇద్దరూ షార్ట్‌స్టాప్‌లు (రెండో, మూడో బేస్‌ల మధ్య కాసేవాళ్లు), ఇద్దరూ 2019 డ్రాఫ్ట్ వాళ్లే. విట్ రెండో స్థానంలో కాన్సస్ సిటీకి, హెండర్సన్ 42వ స్థానంలో బాల్టిమోర్‌కు వెళ్లారు. 2024లో విట్ 0.332 సగటుతో బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, 32 హోమ్ రన్లు, 31 దొంగిలించిన బేస్‌లు, ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ కూడా. హెండర్సన్ 37 హోమ్ రన్లు కొట్టాడు. మరుసటి ఏడాది అతని హోమ్ రన్లు ఇరవై కూడా దాటలేదు.

ఆటలో నా ఓటు విట్‌కే. అతనూ కాళ్ల మీద బతికే ఆటగాడే కాబట్టి ట్రౌట్ గురించి అడిగిన ప్రశ్న ఇక్కడా అడగాలి. కాకపోతే రాయల్స్ 2024 ఫిబ్రవరిలోనే, ఇంకా 23 ఏళ్లు ఉండగానే, 11 ఏళ్లకు సుమారు 28.9 కోట్ల డాలర్లతో అతన్ని కట్టిపెట్టింది. ఏడాది సగటు 2.6 కోట్లు, అదీ ఒంట్లో సత్తువ ఉన్న వయసుకు. ఆ చలికాలంలోనే మార్కెట్లో పిచర్లను కూడా కొన్నారు. 2023లో 106 మ్యాచ్‌లు ఓడిన జట్టు 2024లో 86 గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఏంజెల్స్ ట్రౌట్ విషయంలో చేయలేకపోయిన పని అది.

హెండర్సన్ 2028 సీజన్ ముగిసేదాకా బాల్టిమోర్ చేతిలోనే ఉంటాడు. అతని ఏజెంట్ స్కాట్ బోరాస్, హార్పర్‌కూ ఆయనే. ఆటగాణ్ణి బహిరంగ మార్కెట్‌దాకా తీసుకెళ్లడం బోరాస్ పద్ధతి, కాబట్టి ముందే తక్కువకు ఒప్పుకుంటాడని ఆశపడకూడదు. నేను బాల్టిమోర్ స్థానంలో ఉంటే ఇప్పుడే నలభై కోట్ల ఆఫర్‌తో వెంటపడను. అతను చవకగా ఉన్న ఈ సీజన్లలో మొదటి ఖర్చు స్టార్టింగ్ పిచర్ల మీద పెడతాను. 2023లో 101 మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టు 2025లో 75 దగ్గర ఆగిపోవడానికి పెద్ద కారణం అక్కడే ఉంది.